అవ్వకు నేను చదివిన కార్డు

మొన్న మా వీధి మొగదల పోస్టర్లు అంటించే కుర్రాళ్ళు రేకు డబ్బాలో మైదా ఉడికించి, అందులో చిటికెడు మైలతుత్తం వేసి కట్టెతో తిప్పుతుంటే, ఆ పచ్చి పిండి వాసనా, దాని వెనకే ముక్కుకు తగిలే చేదు వాసనా కలిసి వచ్చి నన్ను అక్కడే నిలబెట్టేశాయి. చేతిలో కూరగాయల సంచి ఉంది, వెనక బండివాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను మాత్రం ఉప్పుగూడలో మా పాత ఇంటి గడప మీద పదేళ్ళ పిల్లనై, పక్క కొట్లో రహమత్ చాచా జిగురు కలుపుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

మా ఇల్లు రైలు పట్టాలకు ఎంత దగ్గరంటే, గూడ్సు బండి పోతుంటే గూట్లో గిన్నెలు గలగలమనేవి, మేము మాట మధ్యలో ఆపి, బండి పోయాక ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. బాపు రైల్వేలో ఫిట్టరు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, బాపును కన్న అవ్వ. మా గోడకు ఆనుకునే రహమత్ చాచా జిల్దుల కొట్టు. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ఆయన పని. స్కూలు పుస్తకాలూ ఆఫీసు రిజిస్టర్లూ ఎట్లాగూ వచ్చేవి గానీ, ఎక్కువగా వచ్చేవి చదివి చదివి నలిగిపోయిన దేవుడి పుస్తకాలే. భజన బృందం వాళ్ళ పురాణం, మదర్సా పిల్లల కితాబు, మా అవ్వ వాక్యం పుస్తకం, మూడూ ఆయన చెక్క ప్రెస్సు కింద వంతుల వారీగా బిగిసి, జిగురు ఆరేదాకా కిక్కురుమనకుండా పడి ఉండేవి.

డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో గులాబీ పువ్వుల అచ్చు నూనెలో దిగేది, గవ్వలు బెల్లం పాకంలో పొర్లేవి, రవ్వలడ్డూలకు యాలకులు దంచే పని నాది, దంచుతూ దంచుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకునే పనీ నాదే. చాచా వెదురు పుల్లలకు పతంగుల కాగితం అంటించి మా గుమ్మానికి పెద్ద నక్షత్రం చేసి కట్టేవాడు. పండుగ వెళ్ళాక ఆ కాగితమే చింపి జనవరిలో మా పతంగులకు తోకలు చేసుకునేవాళ్ళం. ఆ ఏడాది నక్షత్రం కింద నిలబడి అవ్వ "ఏం రంగు వెట్టిండు బిడ్డా?" అని అడిగింది. అంత ఎర్రగా వెలుగుతుంటే అడుగుతుందేమిటని నవ్వాను. అమ్మ నవ్వలేదు. అవ్వ కళ్ళకు పొర ఎంత దట్టంగా కమ్మిందో మాకు తెలిసింది ఆ రోజే. బాపు మర్నాడే సెలవు పెట్టి కంటి దవాఖానకు వెళ్ళి, జనవరి రెండో వారంలో ఆపరేషనుకు తేదీ రాయించుకుని వచ్చాడు.

అవ్వ కాన్పుల దవాఖానలో ఆయాగా చేసింది. నలభై దాటాక, డ్యూటీ దిగి వచ్చి, చర్చిలో ఒక టీచరమ్మ దగ్గర పలక పట్టి అ ఆలు దిద్దుకుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గ్రంథం మొత్తం చదవడానికి ఆమెకు ఏళ్ళు పట్టిందట. అందుకే కాబోలు, ఆమెకు అక్కడ ఏది రాసి ఉంటే అదే. సముద్రం చీలిందంటే చీలింది, గోడ కూలిందంటే కూలింది, మధ్యలో మన తెలివి ఎందుకు? బాపు కూడా భక్తిపరుడే, డ్యూటీకి పోతూ మోకరించనిదే గడప దాటేవాడు కాడు, కానీ ప్రతి మాటనూ అటు తిప్పి ఇటు తిప్పి చూడనిదే మింగేవాడు కాడు. మంగళవారం సాయంత్రాలు ఇంటింటికీ వంతుల వారీగా ప్రార్థన కూటం జరిగేది. పాటలైపోయి, ప్రార్థన ముగిసి, చాయ్, ఫైన్ బిస్కెట్లు వచ్చాయంటే తల్లీకొడుకుల అసలు కూటం మొదలయ్యేది. పెద్దవాళ్ళంతా గోడలకు చేరగిలబడి వినేవాళ్ళు, నేను చాయ్‌లో బిస్కెట్టు ముంచి అది విరిగి పడిపోయేదాకా మరిచిపోయి వినేదాన్ని.

మాకొక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పరిచి తెస్తారు. ఒక్కో కార్డు మీద గ్రంథంలోని ఒక్కో మాట. కళ్ళు మూసుకుని ప్రార్థించి ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదంతా దేవుడు మనకిచ్చిన వాగ్దానం అదే. దాన్ని బీరువా అద్దానికి అంటించుకునేవాళ్ళు, పర్సులో పెట్టుకునేవాళ్ళు, తలగడ కింద దాచుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ పొద్దున అవ్వ చేయి పట్టుకుని పళ్ళెం దాకా తీసుకెళ్ళాను. ఆమె ఒకటి తీసింది, నేను ఒకటి తీశాను. "నాది సదువు బిడ్డా" అంది.

ఆమె కార్డులో శ్రమను ఓర్చుకోమనే మాట ఉంది. నా కార్డులో మూసుకున్న కళ్ళు తెరుచుకుంటాయనే మాట ఉంది. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అవ్వ ముఖం నా వైపు ఎత్తి, కొత్త చీర చెంగు తల మీద కప్పుకుని, ఏం వింటానో అని అంత ఆశగా నిలబడితే, ఓర్చుకో అని చదవడానికి నా నోరు రాలేదు. నా కార్డు చదివాను. "మల్లోసారి సదువు" అంది. మళ్ళీ చదివాను. ఆమె ఆ కార్డు నా చేతిలోంచి తీసుకుని, రెండు కళ్ళకూ అద్దుకుని, రవికెలో దాచుకుంది. ఆమె తీసిన కార్డు నా కంపాసు పెట్టెలో అడుగున పెట్టేశాను.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చోగానే అవ్వ చెప్పేసింది. "కండ్లు తెరుస్తనని ఆయననే మాటిచ్చిండు. ఇంక నాకు కోత వద్దు, దవాఖాన వద్దు."

ఏం చెప్పమంటారు! పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంది అవ్వ. జనవరి అంతా, ఫిబ్రవరి అంతా, ఆకాశంలో పతంగులు కోసుకున్నట్టు మా ఇంట్లో తల్లీకొడుకులు కోసుకున్నారు. "అమ్మా, చెయ్యి తప్పు జేస్తే నరుక్కొమ్మని గూడ రాసున్నది. మన గల్లీల ఎవరికన్న చెయ్యి లేకుండున్నదా చెప్పు" అన్నాడు బాపు ఒక మంగళవారం. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "ఇయ్యాల ఒక మాటను గట్ల కాదు గిట్ల అంటవు. రేపు ఇంకో మాటను అంటవు. ఆఖరికి నాకేం మిగులుతది కొడకా?" అంది. నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, రెండు రోజులు దాన్నే నాలో నేను అనుకుంటూ తిరిగాను.

చాచా కూడా ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ కల్పించుకున్నాడు. "అమ్మా, మా ఇంట్ల గూడ మా పెద్దన్నతోని ఇదే లొల్లి. నేను చదువుకున్నోన్ని గాదు, కుట్టేటోన్ని. పేజీలు మస్తు బిగించి కుడితే కితాబ్ తెరుచుకోదు, ఢీలా కుడితే పేజీలు రాలిపోతయి. బస్, గంతే ఎరుక నాకు."

"నాది మంచిగనే తెరుచుకుంటది. నువ్వే కుట్టినవు గద" అంది అవ్వ. చాచా పకపకా నవ్వి, "గిప్పుడేమంటవ్ భాయ్?" అన్నట్టు బాపు వైపు చేతులు తిప్పాడు.

నాకేమో గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండేది. ఎవరు కార్డు అన్నా ఉలిక్కిపడేదాన్ని. రాసింది రాసినట్టే జరిగేటట్టయితే, ఎవరు తీసిన కార్డయినా అవ్వ కళ్ళు వస్తాయి కదా, నా అబద్ధం ఎవరికీ తెలియక్కర్లేదు కదా అని ఒక లెక్క వేసుకున్నాను. ఆవగింజంత నమ్మకం ఉంటే కొండైనా జరుగుతుందని రాసి ఉంది కదా, అదేదో తేల్చుకుందామని పోపుల డబ్బాలోంచి ఒక్క ఆవగింజ తీసుకుని, స్టేషన్ వంతెన ఎక్కి, ఎదురుగా కనిపించే ఫలక్‌నుమా గుట్టను జహనుమా వైపు కొంచెం జరగమన్నాను. ఎండలో పావుగంట నిలబడ్డాను. రెండు లోకల్ బండ్లు వెళ్ళాయి. గుట్ట జరగలేదు.

ఇంటికొచ్చి, ఎందుకు జరగలేదని అవ్వను అడిగాను. ఆమె తిట్టలేదు సరికదా, చాలా శ్రద్ధగా అడిగింది. "జరగాలని అడిగినవా? జరుగుతదో లేదో సూద్దమని అడిగినవా?" ఆ తేడా గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

మార్చిలో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం మొదలైన వారానికి, అవ్వ ఎడమ కన్ను నిప్పులా ఎర్రబడింది. తల పగిలిపోయే నొప్పి, వాంతులు. తడిగుడ్డ వేసుకుని, నోరెత్తకుండా నులక మంచం మీద పడుకునేది. బాపు బతిమాలాడు, అరిచాడు, ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. ఆమె మంచం పట్టె వదల్లేదు. రెండో రోజు సాయంత్రం గోడలు పట్టుకుంటూ బయటికి నడిచి, ఎప్పుడో నల్లా దగ్గర బిందెల కోసం కొట్లాడిన పక్కింటామె చేతులు పట్టుకుని, "నన్ను మాపు జెయ్యి తల్లీ" అంది. ఆమె నివ్వెరపోయింది. ఇంట్లోకొచ్చి కూర్చుని అవ్వ నాతో అంది: "మాటిచ్చినోడు తప్పడు బిడ్డా. నేనే ఏడనో తప్పిన. ఏడనో యాదికొస్తలేదు."

ఇక నా వల్ల కాలేదు. ఏడుస్తూ కంపాసు పెట్టె తెచ్చి, అడుగున ఉన్న కార్డు తీసి ఆమె చేతిలో పెట్టి, అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఆ కార్డును వేళ్ళతో తడిమింది, అచ్చు అక్షరాలు వేళ్ళకు తెలుస్తాయన్నట్టు. ఒక గూడ్సు బండి పూర్తిగా వెళ్ళిపోయింది. అప్పుడు నన్ను కాదు, తనను తాను అడుక్కున్నట్టు అడిగింది.

"మరి నువ్వు సదివినప్పుడు, నాకే చెప్పిండని నా పానం గట్లెందుకు ఎగిరింది? నేను ఆయన మాట విన్ననా, నాక్కావల్సిన మాట విన్ననా?"

మా అవ్వ నోటి నుంచి అట్లాంటి ప్రశ్న నేను వినడం అదే మొదలు. ఆమె ఏడవలేదు. లేచి నిలబడి బాపును కేకేసింది. "నడు కొడకా, దవాఖానకు."

ఎడమ కన్ను పోయింది. లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందనీ, రెండు నెలల ముందు తెచ్చి ఉంటే రెండూ దక్కేవనీ డాక్టరమ్మ చెప్పింది. కుడి కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పించుకుని ఆటోలో తిరిగి వస్తూ, బాపు ముందు సీట్లో డ్రైవరుకు తన వాదనలన్నీ మొదటి నుంచీ వినిపిస్తుంటే, అవ్వ నా చెవిలో అంది. "మీ బాపుకు చెప్పకు. గెలిసిన అనుకుంటుండు, సంబురపడనీ. నువ్వు తప్పు సదివినందుకు నాకు కోపం లేదు. రెండు నెలలు దాసినవు సూడు, గందుకున్నది."

ఆ కోపం కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. ఒంటికన్నుతో మళ్ళీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక వచనం చదివి, ఆగి, "ఇది ఎవరికి చెప్పిండే? ఎందుకు చెప్పి ఉంటడు? నువ్వేమంటవు?" అని నన్ను అడిగేది. పదకొండేళ్ళ పిల్లను, నన్ను! సముద్రం చీలిందనే నమ్మింది పోయేదాకా. కాకపోతే చీలినప్పుడు అడుగున చేపలేమయ్యాయో అని కూడా అడిగింది. మరుసటి కొత్త సంవత్సరం పళ్ళెంలోంచి కార్డు తీసి, కంటికి ఆనించుకుని తనే చదువుకుని, "ఇది నాదే గద?" అని నా వైపు చూసి కన్ను చిట్లించింది.

అవ్వ లేదు. చాచా పోయాక ఆ కొట్లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మంగళవారం కూటాలు ఆగిపోయి చాలా కాలమైంది, వాగ్దానాలు ఇప్పుడు పువ్వుల బొమ్మలతో ఫోనుకే వస్తాయి, చాయ్ ముందు పెట్టుకుని ఒక మాట మీద గంటసేపు కొట్లాడుకునే ఓపిక ఎవరికీ లేదు. బాపు రిటైరై మాతోనే ఉంటున్నాడు. ప్రతి కొత్త సంవత్సరం అన్నాల దగ్గర, తను వాదించి వాదించి అవ్వను దవాఖానకు ఎట్లా తోలుకుపోయాడో చెప్పుకుంటాడు. ఈసారీ చెప్పాడు. "రెండు నెలలు ఎందుకు ఆగింది తాతా?" అని నా కూతురు అడిగింది. "మొండిది బిడ్డా. మొండితనంతోనే కన్ను పోగొట్టుకున్నది" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వింటూ వడ్డిస్తున్నాను, ఈసారి గరిటె కదల్లేదు.

ఇది అచ్చయితే అందరికన్నా ముందు చదివేది బాపే. బాపూ, అవ్వ మొండిది కాదు. ఆ పొద్దుగాల ఆమె కార్డు అని నా కార్డు చదివిన. నీ వాదనకు గూడ ఆమె కదలలే, నేను ఒప్పుకున్నంకనే లేచింది. ఆ కన్ను నా వల్లనే పోయింది. ఎవరికి చెప్పిండు, ఎందుకు చెప్పిండు అని అన్నిటినీ అడుగుతవు గద, ఇగ నన్ను అడుగు.