పెద్దమ్మకు షుగర్ లేదన్నాను

ఒక్క అబద్ధం ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరగరు కాబట్టే ఈరోజు చెప్పగలుగుతున్నాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. సూరత్‌లో, కోసాడ్ కాలనీలో, మా పెద్దమ్మకు జ్వరం పట్టుకుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఊరు వదిలి ఇన్నేళ్లయినా తెలుగు తప్ప ఇంకో భాష రాదు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. బజారులోనైనా, దవాఖానలోనైనా ఆమె తరఫున మాట్లాడేది నేనే.

కాలనీలోని చిన్న దవాఖానకు తీసుకెళ్లాను. మాకంటే ముందు లోపలికి వెళ్లినాయనకు షుగర్ ఉందని డాక్టరు పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. వెంట ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలన్నాడు. మా వంతు రాగానే హిందీలో అడిగాడు, ఈమెకు షుగర్ ఉందా, రోజూ మాత్రలేమైనా వేసుకుంటుందా అని.

లేదన్నాను.

"ఏమంటుండు బిడ్డా?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా. నీళ్లు మంచిగ తాగుమంటుండు."

ఆస్పత్రి అంటే ఆమె హడలిపోతుంది, అందుకే అలా అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? కాదు. వెంట వెళ్లాల్సింది నేను. చచ్చిపోతానని భయపడింది నేను.

ఆయన ఇచ్చిన మందుల్లో స్టెరాయిడ్ ఉంది. అది షుగర్‌ని ఎంత పెంచుతుందో నాకప్పుడు తెలియదు. రోజూ వేసుకునే మాత్ర దానికి చాలలేదు. పెద్దమ్మకు ఒకటే దాహం. చెంబులకు చెంబులు తాగి, డాక్టరు చెప్పినట్టే తాగుతున్నానని మురిసిపోయేది. తర్వాత చెంప వాచింది, కన్ను మూసుకుపోయింది. చివరికి ఏ ఆస్పత్రికి భయపడ్డానో అక్కడికే తీసుకెళ్లాను. ఫంగస్ సోకిందని కుడికన్ను తీసేశారు. షుగర్ ఉన్న మనిషికి రక్తపరీక్ష కూడా లేకుండా స్టెరాయిడ్ ఎవరిచ్చారని అక్కడి డాక్టరమ్మ అడిగింది. ఉందని చెప్పి ఉంటే ఆయన అది ఇచ్చేవాడా? ఇచ్చినా, షుగర్ చూస్తూ ఇచ్చేవాడు కదా? కన్ను నిలిచేదేమో. ఏమో. ఆ ఏమో నన్ను ఒక్కచోట కూర్చోనివ్వదు.

పెద్దమ్మ ఇంట్లో చీరలకు రాళ్లు అంటించేది. ఇప్పుడు వరస తప్పుతోందని ఆ పని ఎవరూ ఇవ్వడం లేదు. అయినా ఇంటికి వచ్చినవాళ్లందరికీ, "నా బిడ్డ లేకుంటె నేను గప్పుడే పోతుంటి" అని చెబుతుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఆమెతో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇప్పటికీ డాక్టరు మాటలు ఆమెకు తెలుగులో చెప్పేది నేనే, ఆమె నమ్మేదీ నన్నే. అందుకే ముందు ఇక్కడ, ఆ రోజు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

ఉంది డాక్టరుగారూ. మా పెద్దమ్మకు షుగర్ ఉంది. రోజూ పొద్దున మాత్ర వేసుకుంటుంది.