ఉప్పులో దాచిన వేలు

మా పెద్దమ్మ దియోనిసియా చేతులు పుట్టుకతోనే ఊదా రంగువని చిన్నప్పుడు నమ్మేదాన్ని. నాగజెముడు మట్టల మీది పురుగులను ఎండబెట్టి, నూరి, ఉన్నికి రంగు వేయడం ఆమె పని. ఏడో ఏట మొదలుపెట్టింది. మొగుడు పోయాక ఆ రంగు కుండే ఆమెకు తిండి పెట్టింది. మాట దురుసు, చెయ్యి ధారాళం. మా ఊరు వయ్యపంపలో ఆమె తిట్టని మనిషి లేడు, ఆమె నేసిన దుప్పటి కప్పుకోని పసిబిడ్డా లేదు.

ఎనభై ఐదులో ఎన్నికల ముందు మా ఊరికి రెండు కబుర్లు వచ్చాయి. ఓటు సిరా కనిపించిన వేలు నరికేస్తామని ఎన్నికలు వద్దంటూ కొండల్లో ఉన్న తిరుగుబాటువాళ్ళు చెప్పి పంపారు. సిరా లేని వేలు కనిపిస్తే కాల్చేస్తామని సైన్యం చెప్పింది. ఇద్దరూ మాట మీద నిలబడేవాళ్ళే. అంతకుముందు ఏడాది కొండలవాళ్ళు మా ఊరి పెద్దను చర్చి మెట్ల మీద రాళ్ళతో కొట్టి చంపారు. సైన్యంవాళ్ళు పక్క ఊళ్ళో పదకొండు మందిని గోడకు నిలబెట్టి కాల్చారు. ఎవరు ఎక్కువ దుర్మార్గులని నన్నడిగితే ఇద్దరి మీదా ఉమ్మేస్తాను.

అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే పెద్దమ్మే దారి చెప్పింది. ఆదివారం పొద్దున్నే ఇరవై ఆరు మందిమి కొండ దిగి ఓటు వేశాం. తిరుగుదారిలో, కనుమ కింద వాగు దగ్గర, ఆమె ముందే రంగు కుండ దాచి ఉంచింది. అందరం రెండు చేతులూ మణికట్టు దాకా ముంచాం. ఇక ఏ వేలు నరుక్కుంటారో నరుక్కోమనండి అని ఆమె నవ్వింది. మేమూ నవ్వాం, బుద్ధిలేనివాళ్ళం.

కనుమలో కొండలవాళ్ళు ఎనిమిది మంది కత్తులు, తుపాకులతో కాచుకుని ఉన్నారు. వాళ్ళ నాయకుడు విల్బెర్. జ్ఞానస్నానం నాడు వాడిని చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతల్లి మా పెద్దమ్మే. పట్నం చదువుకు వెళ్ళేదాకా వాడు ఆమె కుండ దగ్గరే పెరిగాడు.

పండగకు ఉన్ని అద్ది వస్తున్నామని ఆమె చెప్పింది. మిగతావాళ్ళు నమ్మారు. విల్బెర్ మాత్రం దారిలో తినడానికి తెచ్చుకున్న నిమ్మకాయను కోసి, ఆమె కుడిచేతి మీద ఒక చెక్క పిండాడు. పురుగు రంగు నిమ్మరసం తగిలితే ఎర్రబడుతుంది, సిరా మారదు. ఆ సంగతి వాడికి నేర్పింది ఆమే. చెయ్యంతా ఎర్రబడింది. నడిమి వేలు కొన మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ఇంకా ఎవరు వేశారమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"నేనొక్కదాన్నే వేశాన్రా. ఆ మిగిలిన చెక్క పారెయ్యకు, దాహానికి పనికొస్తుంది."

వాడు మా వైపు చూశాడు. వాడికి అంతా తెలుసు. ఇద్దరు ఆమె చేతిని బండ మీద అదిమి పట్టారు. కత్తి వాడే ఎత్తాడు. మొదటి దెబ్బకు ఎముక తెగలేదు. ఆమె అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండో దెబ్బకు వేలు తెగి పడింది. మా అందరి చేతులూ చూద్దామని పక్కవాడు నిమ్మచెక్క అడిగితే, విల్బెర్ దాన్ని తొక్కతో సహా నోట్లో వేసుకుని నమిలేశాడు.

దాన్ని దయ అనేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ వేలు బండ మీద పెట్టించి అప్పుడు అడగాలి.

పెద్దమ్మ ఆ వేలు తీసుకుని కొంగులో కట్టుకుంది. మనిషి మట్టిలోకి మొత్తంగా వెళ్ళాలి, లేకపోతే ఆత్మ వెతుక్కుంటూ తిరుగుతుందని మా నమ్మకం. చచ్చేదాకా ఉంచాలని ఉప్పులో పెట్టింది.

బుధవారం సైన్యం వచ్చింది. ఓటేసినట్టు కాగితం మీద ముద్ర ఎవడైనా కొట్టుకుంటాడు, వేళ్ళు చూపించండి అన్నాడు లెఫ్టినెంటు. మేం నిమ్మరసం రాసుకుని సిరా చూపించి బయటపడ్డాం. పెద్దమ్మకు చూపించడానికి వేలు లేదు. ఓటు వేయని ఇద్దరితో పాటు ఆమెనూ గోడ దగ్గర నిలబెట్టారు. తుపాకులు ఎత్తుతుంటే ఆమె నన్ను పిలిచి ఉప్పు మూట తెమ్మంది. నేనెప్పుడూ అంత పరుగెత్తలేదు.

ఉప్పులో ఎండి రంగు ముదిరిన వేలు అరచేతిలో పెట్టుకుని, దాని మీద నిమ్మకాయ పిండి, లెఫ్టినెంటు ముఖం దగ్గరికి చాపింది. చర్మం మళ్ళీ ఎర్రబడింది. గోరు చుట్టూ సిరా అలాగే ఉంది.

"ఇదిగో నా ఓటు. చూసుకుని ఇచ్చెయ్యండి బాబూ, నాతో పాతిపెట్టాలి."

అతను ముఖం తిప్పుకుని, ఆమెను పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. మిగతా ఇద్దరినీ ఆమె కళ్ళ ముందే కాల్చారు.

తొంభైలో ఆమె మళ్ళీ ఓటు వేసింది. సిరా సీసా దగ్గర పక్కవేలు చాపింది. పోయిన ఏడాది ఆమె కాలం చేస్తే, పెట్టె మూసేముందు ఆ వేలిని నేనే చేతి పక్కన పెట్టాను. గోరు చుట్టూ ఇంకా నల్లగానే ఉంది.