సదానందం చెప్పిన మాట

వినోద తమ్ముడు సదానందం నలభై ఏడేళ్లు బతికాడు. అందులో ముప్పై ఏళ్లు మట్టెవాడలోని ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తూ గడిపాడు. అంచులో ఒక్క పోగు తప్పినా విప్పి మళ్లీ నేసేవాడు. మనిషి ముఖంలోకి చూసేవాడు కాదు. వీధిలో పెళ్లి బ్యాండు మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. ఏదైనా అడిగితే ఆ మాటే తిరిగి అనేవాడు. చిన్నప్పుడు తండ్రి కట్టయ్య కొట్టి చూశాడు, తాయెత్తులు కట్టించాడు. తర్వాత అందరూ తిక్కలోడని వదిలేశారు. తల్లిదండ్రులు పోయాక అతన్ని చూసుకుంది వినోదే.

నాలుగేళ్ల కిందట వానాకాలంలో సదానందం ఉన్నట్టుండి మగ్గం దగ్గరికి పోవడం మానేశాడు. మోకాళ్లు ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం పెడితే పళ్లెం నెట్టేశాడు.

"కడుపు నొస్తాందారా?" అని అడిగింది వినోద.

"కడుపు నొస్తాందారా," అన్నాడు.

ఎప్పుడూ అనేదే కదా అనుకుందామె. "మొండికేసిండు. ఆకలైతే వాడే తింటడు," అని భర్త వెంకట్రాజంతో అంది. మూడో రోజు ఒళ్లు కాలిపోతుంటే దవాఖానకు తీసుకుపోయారు. పేగు పగిలి చీము కడుపంతా పాకిందన్నారు. మర్నాడు ప్రాణం పోయింది.

"ఏం చెప్పలేదు సార్," అంది వినోద డాక్టరుతో. అందరికీ అదే చెప్పింది. తనూ నమ్మింది.

ఈ ఏడాది వినోద కూతురు రాజశ్రీ, మాటలు సరిగా రాని తన నాలుగేళ్ల పాపను హనుమకొండలో డాక్టరమ్మకు చూపించింది. వినోద కూడా వెంట వెళ్లింది. డాక్టరమ్మ పాపను చాలాసేపు పరిశీలించి, ఆటిజం అని చెప్పింది. పుట్టుకతోనే ఉంటుందని, తల్లి పెంపకంలో లోపం కాదని వివరించింది.

"అడిగిందే తిరిగి అంటే బదులు చెప్పనట్టు కాదమ్మా. ఒక్కోసారి అదే అవునన్నట్టు. నొప్పున్నా చెప్పరాకపోవచ్చు. తిండి మానినా, రోజూ చేసేది మానినా ఎంటనే తీస్కరాండ్రి."

వినోద కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పెద్దోళ్లకు సుత ఉంటదా అమ్మా?"

"పిల్లలే గద పెద్దోళ్లయ్యేది. మీ ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరు," అంది వినోద.

ఇంటికొచ్చాక వెంకట్రాజం ఏమైందని అడిగాడు. ఆమె అంతా చెప్పుకొచ్చి మధ్యలో ఆగిపోయింది.

"తమ్ముడు చెప్పిండయ్యా. నేనే ఇనలే."



ఇప్పుడు వారానికి రెండుసార్లు పాపను హనుమకొండ తీసుకుపోయేది వినోదే. బస్సులో ఎవరైనా "పోరి గట్ల జేస్తాందేంది?" అంటే, ఆటిజం అని దాచకుండా చెబుతుంది. పాప చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది.