నల్లోని పీఏ గారికి సన్మానం

ఆ రోజుల్లో మనిషికి ఉద్యోగం కంటే హోదా ముఖ్యమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఉద్యోగం లేనివాళ్ళకే ఇలాంటి నమ్మకాలు ఎక్కువగా ఉంటాయి.) ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒక గదిలో నలుగురం సర్దుకుంటూ, పొద్దున్నే అమీర్‌పేటకు నడిచి వెళ్ళి, బోర్డుల మీద బోర్డులు వేలాడే ఒక బిల్డింగులో జావా నేర్చుకునేవాణ్ణి. జావా వచ్చిందా అని మాత్రం అడక్కండి. నేర్చుకున్నాను, అంతే. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెన్నొద్దులు సదువుతవ్ బిడ్డా?" అనేది. ఆ మాట పడలేక, పంజాగుట్టలో దెబ్బలు తగిలిన వీధికుక్కలకూ పిల్లులకూ వైద్యం చేయించే ఒక చిన్న సంస్థలో 'కోఆర్డినేటర్' పోస్టు ఖాళీగా ఉందని తెలియగానే వెళ్ళి చేరిపోయాను. ఆ పోస్టులో ఏం చేయాలో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు అది చాలు. "కుక్కల దవాఖానల నౌకరా?" అంది అమ్మ. "కాదమ్మా, కోఆర్డినేటర్" అన్నాను గంభీరంగా. "అంటే?" "అంటే... అందర్నీ కోఆర్డినేట్ చెయ్యాలె." "ఎవర్ని, కుక్కల్నా?" అడిగిన దాంట్లో తప్పేమీ కనబడక, సిగ్నల్ లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

సంస్థకు పెద్ద మేడమ్. గుంటూరు వైపు ఆవిడ, గట్టి మనిషి. కానీ ఊళ్ళో జనానికి సంస్థ అంటే మా అంబులెన్సు నడిపే భాయ్. ఏ గల్లీలో కుక్కను బండి గుద్దినా ముందు భాయ్ ఫోనే మోగేది. ఆయనకొక అలవాటు. మనుషుల పేర్లు నోటికి రావు. రావు అనడం కంటే అక్కర్లేదు అనడం న్యాయం. ఎవరినైనా వాళ్ళ జంతువును బట్టే గుర్తుపట్టేవాడు. ఫోనెత్తి "ఎవరూ, బ్రూనో డాడీయా? సలాం సలాం" అనేవాడు. అవతలి మనిషి అమీర్‌పేటలో పెద్ద చీరల షోరూముకు యజమాని అయినా సరే, మా దగ్గర మాత్రం బ్రూనో డాడీయే. అది అంటుజబ్బు లాంటిది. నేను చేరిన కొన్నాళ్ళకే మేడమ్ తప్ప ఆఫీసంతా అలాగే మాట్లాడేది. నన్ను కూడా వదల్లేదు. మూడు కాళ్ళ కుంటిరాణి అనే ఆడకుక్క ఒకటి ఆఫీసులోనే ఉండేది. నేను చేరిన రోజే నా కుర్చీ కింద పడుకుని, నా టిఫిన్ డబ్బాలో సగం తనదని తేల్చేసింది. ఆ సాయంత్రం నుంచి నేను 'కుంటిరాణి తమ్ముణ్ణి'. బీటెక్ చదివిన కోఆర్డినేటర్‌ని పట్టుకుని ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండేది. రాణికి మాత్రం అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

ఇంత అమర్యాదస్తుల మధ్య హోదా విలువ తెలిసిన మనిషి నాకు ఒక్కరే దొరికారు. ఎర్రమంజిల్‌లో ఒక అపార్టుమెంటులో ఉండే పెద్దాయన. ఏదో ప్రభుత్వ శాఖలో జాయింట్ డైరెక్టరుగా రిటైరయ్యారు. నేను భక్తిగా 'జేడీ సార్' అనేవాణ్ణి. రోజూ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టీలు గిన్నెలో పెరుగన్నం కలుపుకొని, గేటు బయట ఉండే నల్లోడు అనే ముసలి కుక్కకు పెట్టేవారు. నల్లోడు తినేదాకా పక్కన నిలబడి, తిన్నాక నీళ్ళు పోసి, వాడు లేస్తే ఈయన నడిచేవారు, వాడు ఆగితే ఈయన ఆగేవారు. అది చూసి ఆ అపార్టుమెంటు వాచ్‌మన్ ఆయనకు చాటుగా 'నల్లోని పీఏ' అని పేరు పెట్టాడు. భాయ్‌కి అంతకన్నా ఏం కావాలి?

ఆయనకొక బాధ ఉండేది. నల్లోడు ముసలివాడైపోయాడు, వానాకాలం వస్తోంది. గేటు లోపల మెట్ల కింద కాస్త చోటు ఇమ్మని అపార్టుమెంటు సంఘాన్ని అడుగుతుంటే, సంఘం అధ్యక్షుడు ఒప్పుకోవడం లేదు. పైగా కుక్కలకు అన్నం పెట్టరాదని గేటుకు నోటీసు అంటించాడు. జేడీ సార్ ఊరుకుంటారా, లెటర్‌హెడ్ మీద రూళ్ళూ సెక్షన్లూ ఉటంకిస్తూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు లేదు. సర్వీసంతా ఇతరుల ఉత్తరాలకు జవాబివ్వని ఆఫీసులో గడిపిన మనిషికి అది మొదటి అనుభవం.

సరిగ్గా అప్పుడే మేడమ్ సిబ్బందికీ, సంస్థకు అండగా ఉన్నవాళ్ళకీ సన్మానం చేయాలని నిశ్చయించింది. శాలువా, షీల్డు, భోజనం. సంగతి తెలిసి జేడీ సార్ నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, మా అపార్టుమెంటోళ్ళంత నన్ను పిచ్చోడు అనుకుంటుండ్రు. స్టేజి మీద పదిమందిల నా పేరు, నా హోదా చదివితే గప్పుడు ఇంటరు. అధ్యక్షుణ్ణి నేనే దగ్గరుండి పట్టుకొస్త. షీల్డు మీద పేరు పెద్దగ ఉండాలె. దాని కింద జాయింట్ డైరెక్టర్. రిటైర్డ్ అన్నది మాత్రం..." అని కొంచెం ఆగి, "జర చిన్నగ" అన్నారు. "వాడు ఈ వానకాలం తట్టుకోడు బాబూ" అని కూడా అన్నారు. అప్పుడు ఆయన గొంతులో జాయింట్ డైరెక్టర్ లేడు. నేను కరిగిపోయి, నాదీ గ్యారంటీ సార్ అన్నాను.

గ్యారంటీ ఎలా నిలబెట్టుకున్నానో వినండి. షీల్డులు రాయించాల్సిన రోజే, నేనింకా వదలని జావా ఇన్‌స్టిట్యూట్‌లో మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. షీల్డుల షాపు దారిలోనే కదా అని, అంబులెన్సులో అటు వెళ్తున్న భాయ్‌కి పని అప్పజెప్పాను. పేర్లు అక్కర్లేని మనిషికి పేర్ల పని. నేను టై బిగించుకుని కూర్చుని, "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు చెమటలు కక్కుతున్న వేళ ఫోన్ మోగింది. బయటికి పరిగెత్తాను.

"తమ్మీ, షాపాయన ఏమేం రాయాలె అంటుండు."

"ఎవరెవరికి ఇస్తున్నమో నీకు ఎరుకనే గదా భాయ్. చెప్పెయ్."

"చెప్పేస్త. మరి నల్లోని సారుది?"

"సారుది జాగ్రత్త భాయ్. సారు ఎవరు, ఏం పని చేస్తరు, రెండూ రావాలె."

"గంతేనా? ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చేయలేదు. లోపలికి వెళ్ళి నా గురించి చెప్పుకోవడంలో మళ్ళీ ఫెయిలయ్యాను.

పంజాగుట్టలో ఒక మినీ ఫంక్షన్ హాల్లో సభ. షీల్డులన్నీ మెరుపు కాగితాల్లో చుట్టి, ఏది ఎవరిదో భాయ్‌కి మాత్రమే తెలిసేలా వరసగా పేర్చి ఉన్నాయి. ముఖ్య అతిథి టీవీ సీరియళ్ళలో కోడళ్ళను కాల్చుకుతినే అత్తగారు. కృష్ణానగర్‌లో ఇంటినిండా పిల్లుల్ని పెంచుకునే మెత్తని మనిషి, గొంతు మాత్రం సీరియల్‌దే. జేడీ సార్ సఫారీ సూటు వేసుకుని, జుట్టుకు రంగేసుకుని, అన్న ప్రకారం సంఘం అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకొచ్చి ముందు వరస సోఫాలో కూర్చోబెట్టారు. నా దగ్గరికొచ్చి గుసగుసగా, "రిటైర్డ్ చిన్నగనే ఉన్నది గదా?" అన్నారు. "చాలా చిన్నగ సార్" అన్నాను. (అబద్ధం కాదు. కంటికి ఆననంత చిన్నగా ఉందని నాకు మాత్రం ఏం తెలుసు?)

మైకు నాదే. చీరల షోరూము యజమానిని పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా వేదిక మీదికి పిలిచాను. అత్తగారు కాగితం విప్పి, షీల్డు చదివి, ఒకసారి నా వైపు చూసి, కోడల్ని ఇంట్లోంచి గెంటేసేటప్పటి గొంతుతో "బ్రూనో డాడీ!" అంది.

మేడమ్ మొహం చూసే ధైర్యం లేక నేను మైకు వైరు చూస్తున్నాను. షోరూము యజమాని ఒక క్షణం బిత్తరపోయి, పెద్దగా నవ్వి, "నేనే మేడమ్, నేనే!" అని షీల్డు గుండెలకు హత్తుకున్నాడు. తర్వాతి షీల్డు మీద 'స్వీటీ మమ్మీ' అని ఉంది. ఆ పెద్దావిడ స్టేజి ఎక్కి షీల్డు చూసుకుని, "స్వీటీ పోయినంక నన్ను ఎవ్వరూ ఇట్ల పిలుస్తలేరు" అని అత్తగారి భుజం మీద పడి ఏడ్చేసింది. అత్తగారూ ఏడ్చింది. (గ్లిజరిన్ లేకుండా ఆవిడ ఏడవడం అదే మొదటిసారని భాయ్ అభిప్రాయం.) జనం చప్పట్లు కొడుతున్నారు. మిగిలిన కాగితాల్లో ఒకదాని లోపల ఏముందో నాకు అప్పటికే అర్థమైపోయింది.

ఎలాగైనా ఆపాలి. జేడీ సార్ వంతు రాగానే, "సార్ షీల్డు దారిలో ఉంది, ప్రస్తుతానికి శాలువాతో..." అని మొదలుపెట్టాను. ఆయన పూర్తి పేరూ, హోదా నోరారా చదివాను కూడా. ఆయన గుండీ సర్దుకుని మెట్లెక్కారు. ఇంతలో భాయ్ వెనకనుంచి "దారిల ఏంది తమ్మీ, ఇగో ఈడనే ఉన్నది!" అని సంబరంగా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు.

"శ్రీ నల్లోని పీఏ గారు, ఎర్రమంజిల్" అని చదివింది ఆవిడ.

మొదట నవ్వింది సంఘం అధ్యక్షుడే. సోఫాలో వెనక్కి పడి మరీ నవ్వాడు. తర్వాత హాలంతా. జేడీ సార్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ అక్షరాలు నిదానంగా చదివారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అందరికీ దండం పెట్టి, షీల్డు చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, భోజనం చేయకుండా వెళ్ళిపోయారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పని మేడమ్ చేసింది. "ఏంటయ్యా ఇది? మనుషుల పేర్లు వేయించమంటే కుక్కల చుట్టరికాలు వేయిస్తావా?" భాయ్ అమాయకంగా, "నాదేం గల్తీ లేదు మేడమ్. సారు ఏం పని జేస్తరో గదే రాయించిన. తమ్ముడే జెప్పిండు" అన్నాడు. నా షీల్డు కూడా చేతికిచ్చాడు. 'కుంటిరాణి తమ్ముడు' అని బంగారు రంగు అక్షరాలు. కోఆర్డినేటర్ అని ఎక్కడా లేదు. దాన్ని హాస్టల్ ట్రంకు పెట్టెలో జావా పుస్తకాల కింద, అంటే ఎవ్వరూ తెరవని చోట దాచేశాను. ఆ రాత్రే వాన మొదలైంది. మెట్ల కింద చోటు నావల్లే పోయిందని, ఆ ముసలికుక్క గేటు బయట తడుస్తుంటుందని, నాకు నిద్ర పట్టలేదు.

షాపువాడి వెంటపడి కొత్త షీల్డు చేయించాను. పేరు, హోదా, చిన్న అక్షరాల్లో రిటైర్డ్. దాన్ని పట్టుకుని ఎర్రమంజిల్ వెళ్తే వాచ్‌మన్ గేటు తీస్తూ, "పీఏ సార్ కోసమా? పైన ఉన్నడు, పో" అన్నాడు. ఇప్పుడు బాహాటంగానే అంటున్నాడన్నమాట! నా ప్రాణం చివుక్కుమంది. తలొంచుకుని మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను. మెట్ల కింద గోనెసంచి, దాని మీద నల్లోడు. ఒక కన్ను తెరిచి నన్ను చూసి, అపాయింట్‌మెంట్ లేదు కాబోలు, మళ్ళీ మూసుకున్నాడు.

పైన జేడీ సార్ నాకు చాయ్ పోయించారు. "ఆ రాత్రి నాకు మస్తు కోపమొచ్చింది బాబూ. నీ మీద సుత. పదిమందిల ఇజ్జత్ పాయె అనుకున్న. గప్పుడే వాన పడబట్టె. అధ్యక్షుడు ఫోన్ జేసిండు. నవ్వుకుంటనే, 'పీఏ గారూ, మీ సారు గేటు కాడ తడుస్తున్నడు, లోపటికి తీస్కరాండ్రి' అన్నడు. నేను ఉరికిన. గంతే, ఇగ బయటకు పొమ్మని ఎవ్వరూ అనలే." చాయ్ కప్పు కింద పెట్టి, "గన్ని ఉత్తరాలు రాసిన. ఒక్కడు నవ్వలే బాబూ" అన్నారు.

హాలు షోకేసులో, వెనకటి మంత్రులతో దిగిన ఫోటోల మధ్య, నల్లోని పీఏ షీల్డు నిలబడి ఉంది. నేను తెచ్చినదాన్ని సిగ్గుపడుతూ ఇచ్చాను. చదువుకున్నారు. వేలితో రిటైర్డ్ అన్న మాటను తడిమారు. "మంచిగ చిన్నగ రాయించినవ్" అని మురిసిపోయారు. షోకేసులో పెడతారనుకున్నాను. లేచి పడకగదిలోకి తీసుకెళ్ళి, మంచం పక్క బల్ల మీద, పడుకుంటే తనకొక్కడికే కనిపించేలా పెట్టుకున్నారు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. జావా నా మీద జాలిపడి, నాకూ ఒక ఉద్యోగం దొరికింది. ఇప్పుడు నా మెళ్ళో వేలాడే కార్డు మీద పేరు ఒక వరస, హోదా రెండు వరసలు ఉంటుంది. మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర ఒక కుక్కపిల్ల కాలు ఈడ్చుకుంటూ కనిపించింది. పాత నంబరు ఉంటుందో లేదో అనుకుంటూ భాయ్‌కి ఫోన్ చేసి పేరు చెప్పాను.

"గా పేరుగల్లోళ్ళు మస్తుమంది ఉన్నరన్నా. ఎవరు?"

ఇంటిపేరు చెప్పాను. కంపెనీ పేరు చెప్పాను. హోదా రెండు వరసలూ చెప్పాను. "తెలుస్తలేదన్నా" అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా. అటూ ఇటూ చూశాను. టై కట్టుకున్న కుర్రాళ్ళు, ఫైళ్ళు పట్టుకుని, నన్ను తోసుకుంటూ ఇన్‌స్టిట్యూట్ల వైపు పోతున్నారు. గొంతు తగ్గించి, "భాయ్, నేను కుంటిరాణి తమ్ముణ్ణి" అన్నాను.

"అరె తమ్మీ! గట్ల జెప్పాలె గదా ముందుగాల!" ఫోన్ పగిలిపోయేలా అరిచాడు. "ఏడున్నవ్? కదలకు, వస్తున్న. నువ్వు పోయినంక రాణి ఉన్నన్ని దినాలు నీ కుర్చీల ఎవ్వర్ని కూసోనియ్యలే, ఎరుకనా? మేడమ్‌ను సుత!"

అంబులెన్సు వచ్చేదాకా కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. అది నా మెళ్ళో కార్డు పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ముందు హోదా తడిసింది, తర్వాత పేరు. ఒకప్పుడు అలాంటి కార్డు కోసం ఎంత ఏడ్చానో తలుచుకుంటే నవ్వొచ్చింది. లాక్కోలేదు, నమలనిచ్చాను.