మునిలక్ష్మి ఎత్తిన చెయ్యి

కోరమండల్ గని కూలీల లైను ఇండ్లలో ఉండే మునిలక్ష్మికి నొప్పులున్నాయంటే ఎవరూ నమ్మరు. నలభై ఆరేళ్ళ గట్టి మనిషి. కానీ ఆర్నెల్లుగా ఆ ఇంట్లో సంగటి కెలికేది కూతురు రశ్మి. తల్లికి జడేసేదీ ఆ పిల్లే. మునిలక్ష్మి కుడి భుజం నొప్పికి పైకి లేవదు.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెండ్లి ఛత్రంలో ఆమెది పన్నెండేళ్ళుగా ఊడ్చి తుడిచే పని. ఆమెతోపాటే పనిచేసే ఓబలప్పకు పొడుగు కట్టె మాపు ఇచ్చినారు, నిలబడి తుడుస్తాడు, నీళ్ళ బకెట్లు మోస్తాడు. మూడంతస్తుల మెట్లు, వంటింటి జిడ్డు, మరుగుదొడ్లు ఆడవాళ్ళవి. గొంతుక్కూర్చుని బ్రష్షుతో రుద్దాల. "మగోళ్ళది బరువు పని, మీది చిన్న పని" అంటాడు సూపర్‌వైజర్ అంబరీష్. ఆ చిన్న పని పొద్దున ఏడుకు మొదలైతే మూడు దాకా నడుము ఎత్తనీయదు.

ఒకనాడు పనివాళ్ళ నొప్పులు రాసుకునేదానికి డాక్టరమ్మ వచ్చింది. అంబరీష్ పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

ఓబలప్ప దాచుకోలేదు. "నడుము పట్టేస్తా ఉండాది తల్లీ, పక్కకు తిరగలేను."

డాక్టరమ్మ బెల్టు రాసిచ్చి, బరువులు ఎత్తొద్దనింది.

"పాపం, మోసి మోసి అరిగిపోయినాడు" అన్నాడు అంబరీష్.

మునిలక్ష్మి వంతు వచ్చింది. "ఎక్కడ నొప్పమ్మా?"

మాట నోటిదాకా వచ్చింది. పోయినేడు తనతో మెట్లు తుడిచే అక్కయమ్మ మోకాళ్ళు చూపిస్తే, "వయసైపోయిందక్కా, ఇంట్లో పడుకో" అన్నది ఈ అంబరీషే. మళ్ళీ పనికి పిలవలేదు. రశ్మి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుండాది.

"నాకేమీ లేదు మేడం."

"ఏదీ, కుడి చెయ్యి పైకెత్తు."

ఎత్తింది. భుజంలో నిప్పు పోసినట్టయింది.

"చెమట పడతా ఉందేమి?"

"ఉక్క మేడం" అని నవ్వింది. డాక్టరమ్మ ఆమె మొహం కాసేపు చూసి, 'నొప్పులు లేవు' అని రాసుకునింది.

సోమవారం అంబరీష్ బకెట్లు చూపించినాడు. "ఓబలప్ప ఎత్తకూడదంట. నీకేం నొప్పుల్లేవు కదక్కా, నువ్వే మొయ్యి. మెట్లు ఎట్లాగూ నీవే."

రెండో అంతస్తు మలుపులో బకెట్ దించి కూలబడింది. మాపు పట్టుకుని ఓబలప్ప వచ్చినాడు.

"అబద్ధం ఎందుకు చెప్తివి మునిలక్ష్మీ?"

"నువ్వు చెప్తే బెల్టు ఇచ్చినారు. నేను చెప్పింటే నా చీపురు లాక్కుంటారప్పా."

అతను బకెట్ అందుకోబోయి, సగం వంగి, నడుము పట్టుకుని ఆగిపోయినాడు.

"ఉండనీ" అని ఆమె ఎడమ చేత్తో లేపింది. నీళ్ళు మెట్ల మీద చిందినాయి. ఇంగ అవి కూడా ఆమే తుడవాల.