హుస్నియా కట్టిన ఈగలు

ఎక్రెమ్ చేతులు వణకడం మొదలైన ఏడాది ఊళ్ళో చాలామందికి లోలోపల కాస్త ఊరట కలిగింది. పైకి మాత్రం ఎవరూ అనలేదు. బట్టల మిల్లు మూతపడ్డాక చేపల సంఘం వాళ్ళు అతనికి జెలెన్కా ఏటి కాపలా అప్పగించారు. అప్పట్నుంచి ఆ ఏట్లో దొంగచాటుగా వల వేసి తప్పించుకుపోయినవాడు లేడు. వానైనా మంచైనా తెల్లారేసరికి ఒడ్డు పొదల్లో నక్కి కూర్చునేవాడు. ఒకసారి సొంత బావమరిది చేతిలోంచే గాలం కర్ర లాక్కొని సంఘం ఆఫీసులో అప్పజెప్పాడు. ఆ ఏడు బైరామ్ పండక్కి అతని భార్య శెఫికా పుట్టింటివాళ్ళు ఒక్కరూ వాళ్ళ గడప తొక్కలేదు. ఆమె చేసిన బక్లావా మిఠాయి ఆమే తిని, మిగిలింది ఇరుగుపొరుగుకి పంచింది.

ఇంత మొరటు మనిషికీ ఒక సుకుమారమైన పిచ్చి ఉండేది. ఈగలు కట్టడం. చిటికెన వేలి గోరంత కొక్కేనికి కుందేలు బొచ్చు, కోడిపుంజు మెడ ఈక, బాతు తోక మొదట్లో ఉండే మెత్తటి ఈక సన్నదారంతో చుట్టి, ఏటి మీద ఎగిరే ఈగలాగా ఎర తయారుచేసేవాడు. చలికాలమంతా కిటికీ దగ్గర అదే పని. అతను కట్టిన ఈగని నీళ్ళ మీద వదిలితే పక్కనున్నవాళ్ళు కూడా ఏది అసలుదో ఏది కట్టుడుదో చెప్పలేకపోయేవారు, ఇక ట్రౌట్ చేప సంగతి చెప్పేదేముంది. ఆ చేతులే ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ముందు కాఫీ తొణికింది. తర్వాత చొక్కా బొత్తాలు శెఫికా పెట్టాల్సివచ్చింది. కాపలా పని ఇంకొకరికి పోయింది. ఆ చలికాలం మందులు సరిచూడ్డానికని సరయేవోలో ఆస్పత్రిలో పడుకోబెట్టారు. వాళ్ళు ఇంటికి పంపేసరికి కొండల మీద మంచు కరగడం మొదలైంది.

మే నెలాఖరున, ఏటి మీద పెద్దరెక్కల ఈగలు లేచే రోజుల్లో, ఒక ఉదయం హుస్నియా వచ్చి తలుపు కొట్టాడు. హుస్నియా ఎదురింటివాడు, చిన్నప్పట్నుంచీ జతగాడు, ఊరందరికీ ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. అతని వెనకాల, వీధిలో, సంఘం అధ్యక్షుడు జాఫెర్ కారు ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నాడు. జాఫెర్‌కి బస్టాండు పక్కన టైర్ల కొట్టు ఉంది.

హుస్నియా జేబులోంచి ఒక రేకు డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. మూత తీస్తే లోపల వరసలు వరసలుగా ఈగలు. సంఘంలోని వాళ్ళందరూ తలా కొన్ని కట్టారని, సగానికి పైగా తానే కట్టానని చెప్పాడు. నీటికాసులు వచ్చి కళ్ళు మసకేస్తున్నా భూతద్దం పెట్టుకుని చలికాలమంతా కూర్చున్నాడట.

"చూడరా, నీ అంత బాగా రాలేదనుకో," అన్నాడు. "తోకలు కొంచెం వంకర పోయాయి. మన చేపలకి చదువు లేదులే, పట్టించుకోవు."

ఎక్రెమ్ వంగి ఒక్కో వరసా చూశాడు. ఈ ఊళ్ళో తనకోసం ఎవరైనా ఏదైనా చేస్తారని అతను ఎన్నడూ అనుకున్నవాడు కాదు. జనం తనని చూసి పక్కకి తప్పుకోవడమే అతనికి అలవాటు. వంకర తోకలని ఏదో గొణిగాడు. శెఫికా వంటింటి గుమ్మంలోంచి చూసి, తలకి కట్టుకున్న రుమాలు కొసతో కళ్ళొత్తుకుంది. ఆ వెంటనే జున్ను పెట్టి కాల్చిన పీతా రొట్టెలు, ఉల్లిపాయలు, ఎండబెట్టిన మాంసం ముక్కలు మూటగట్టి ఇచ్చింది.

కారులో ఎక్రెమ్ పై లోయకి పోదామన్నాడు. జెలెన్కా కొండల మధ్య ఇరుకున పడి దూకే చోటు అది. అతను కాపలా కాసిన రోజుల్లో ఎక్కువ అక్కడే ఉండేవాడు. జాఫెర్ అద్దంలోంచి హుస్నియా వైపు చూశాడు. వానలకి రోడ్డు కూలిపోయిందని, కారు పోదని చెప్పాడు. పాత పిండిమర దగ్గర దిగుదామని, ఒడ్డు చదునుగా ఉంటుంది గనక ఎక్రెమ్‌కి అదే మంచిదని హుస్నియా కలిపాడు. ఎక్రెమ్ నమ్మాడు.

ఆ ఉదయం నిజంగా బాగుంది. రబ్బరు బూట్లు తొడల దాకా లాక్కుని ముగ్గురూ నీళ్ళలోకి దిగారు. ఈగ కంటిలోకి, అంటే కొక్కెం తలలోని బెజ్జంలోకి, దారం ఎక్కించి ముడి వెయ్యడం ఎక్రెమ్ వల్ల కాని పని. హుస్నియా అడక్కుండానే వచ్చి కొక్కెం అందుకునేవాడు, భూతద్దం నుదుటిమీంచి కిందికి దించి, దారం ఎక్కించి, ముడిని నాలికతో తడిపి బిగించి, మాట్లాడకుండా తన చోటుకి పోయేవాడు. గాలం కర్ర విసరడం మాత్రం ఎక్రెమ్ భుజం మరిచిపోలేదు. వణుకు కూడా మణికట్టు దాకా వచ్చి ఆ విసురులో కలిసిపోయేది. హుస్నియా కట్టిన వంకర తోక ఈగ ఒకటి మునిగిన రాయి పక్కగా తేలుతూ పోయింది. నీళ్ళు చిన్నగా నోరు తెరిచినట్టయ్యాయి. కర్ర విల్లులా వంగింది. ఎర్ర చుక్కల ట్రౌట్, మోచెయ్యంత పొడవుది. ఎక్రెమ్ దాన్ని నీళ్ళలోనే ఉంచి, కొక్కెం విడిపించమని హుస్నియాకి సైగ చేసి, వదిలేశాడు. పెద్దగా నవ్వాడు. అతను అలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో అని జాఫెర్ తర్వాత ఊళ్ళో చెప్పాడు.

మధ్యాహ్నం వంతెన కింద రాళ్ళమీద కూర్చుని పీతా మూట విప్పుకున్నారు. జాఫెర్ రాకియా అనే ఆల్‌బకరా పళ్ళ సారా సీసా తీశాడు. అప్పుడే వంతెన మీదికి ఒక లారీ వచ్చింది. దాని వెనక మనిషి నిలబడి నడిచిపోయేంత లావు గొట్టాలు గొలుసులతో కట్టి ఉన్నాయి. ముందు సీట్లో హుస్నియా కొడుకు సెనాద్ కూర్చున్నాడు. తండ్రిని చూసి చెయ్యి ఊపాడు, పక్కనున్న ఎక్రెమ్‌ని చూసి చెయ్యి దించేశాడు. లారీ లోయ రోడ్డులోకి తిరిగి పైకి పోయింది.

"రోడ్డు కూలిపోయిందన్నారుగా," అన్నాడు ఎక్రెమ్.

హుస్నియా రొట్టె ముక్క తుంచుకున్నాడు.

"జాఫెర్, నిన్నే. ఆ గొట్టాలు ఎక్కడికి?"

జాఫెర్ సీసా మూత బిగించి, మళ్ళీ విప్పి, మెల్లగా మొదలుపెట్టాడు. లోయ పైన ఏటికి అడ్డుకట్ట వేసి, నీళ్ళన్నీ గొట్టాల్లోకి ఎక్కించి, కింద కరెంటు తీసే ఇంట్లో దింపుతారట. కంపెనీ వాళ్ళకి సంఘం ఒప్పుకోలు కావలసివచ్చిందట. బదులుగా సంఘానికి కొత్త భవనం, చేపపిల్లల తొట్లు కట్టిస్తామన్నారట. ఫిబ్రవరిలో మీటింగు పెట్టారు.

"నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

"నువ్వుంటే ఎవడు చెయ్యెత్తుతాడు, ఎక్రెమ్? నీ మొహం చూసి ఒక్కడు కూడా ఎత్తేవాడు కాదు. అందుకే అప్పుడు పెట్టాం. అబద్ధం చెప్పను."

"ఎవరెవరు ఎత్తారు?"

"అందరూ."

ఎక్రెమ్ హుస్నియా వైపు తిరిగాడు. హుస్నియా రొట్టె ముక్కని వేళ్ళతో నలిపి చీమలకి వేస్తున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఎత్తాను. అందరికంటే ముందు నేనే ఎత్తాను. సెనాద్‌కి అక్కడ పనిచ్చారు."

"వాడికి పని కావాలని ఏటిని అమ్మేశావా?"

"వాడికి పని లేకుండా చేసిందెవడు?" హుస్నియా గొంతు పెరగలేదు. అన్నేళ్ళు మనసులో ఎన్నిసార్లు అనుకున్నాడో, మాటలు అరిగిన రాళ్ళలా నున్నగా వచ్చాయి. "అడవి ఆఫీసులో పక్కా ఉద్యోగం వాడికి. ఒక్కసారి, కుర్రతనంలో, చేపలకి కరెంటు పెట్టే బ్యాటరీ పట్టుకుని ఏట్లోకి దిగాడు. నువ్వు నా ఇంటికొచ్చి నాలుగు తన్నుంటే నేనూ రెండు తన్నేవాణ్ణి. నువ్వు పోలీసులకి కాగితం రాశావు. ఉద్యోగం పోయింది, పెళ్ళాం వదిలేసి పోయింది, వాడు తాగుడులో పడ్డాడు. నేను నీ ఎదురింట్లోనే ఉన్నాను. ఒక్కనాడైనా నిన్నో మాటన్నానా?"

"నేను నీ కొడుకుని పట్టుకోలేదురా. ఏట్లో కరెంటు వదిలినవాణ్ణి పట్టుకున్నా."

"కాగితం మీద ఎవడి పేరు రాశావు? వాడి పేరేగా."

ఆ రోజు తెల్లటి పొట్టలు పైకి తిరిగి తేలిన, మెలికలు పడ్డ చేపపిల్లలు ఎక్రెమ్‌కి ఇంకా కళ్ళకి కడుతున్నాయి. వాటి గురించి చెబుదామనుకున్నాడు. చేపపిల్లల్ని ఒక పక్క, మనిషి బతుకుని ఒక పక్క పెట్టి తూస్తే అవతలివాడికి ఎలా వినిపిస్తుందో అతనికి తెలుసు. రేకు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"మరి ఈ ఈగలు?" అని మాత్రం అడిగాడు. "ఇవెందుకు కట్టినట్టు?"

"ఏమో," అన్నాడు హుస్నియా. "నువ్వు ఆస్పత్రినుంచి వస్తావనీ, వచ్చాక ఇది తెలుస్తుందనీ అనుకుంటూ కట్టాను."

జాఫెర్ లేచి, కొట్లో పనుందని, పొద్దువాలే వేళకి వచ్చి తీసుకెళ్తానని కారెక్కి పోయాడు. నడిచిపోవడానికి ఊరు దూరం. ఇద్దరూ ఏటి దగ్గరే మిగిలారు.

చాలాసేపు ఎవరి రాయి మీద వాళ్ళు కూర్చున్నారు. ఎండ కొండ వెనక్కి పోగానే ఈగలు లేచాయి. నీళ్ళమీద పసుపు రెక్కలు పొగలా కదిలాయి. ఏరంతా వాన చినుకులు పడ్డట్టు చేపలు నోళ్ళు పెడుతున్నాయి. ఎంత కోపంలో ఉన్నవాడైనా అది చూస్తూ కూర్చోలేడు. హుస్నియా కింది మడుగులోకి దిగాడు. ఎక్రెమ్ ఎగువన, మోకాలి లోతులో నిలబడ్డాడు. మొదటి విసురుకే పెద్ద చేప ఒకటి అందుకుని దారం తెంపుకుని, ఈగతో సహా పోయింది.

ఇప్పుడు ముడి వెయ్యాలి. ఎక్రెమ్ కిందికి చూశాడు. హుస్నియా వీపు కనిపించింది. పిలిస్తే వస్తాడు. పొద్దున లాగే భూతద్దం దించుకుని, దారం నాలికతో తడుపుతాడు. ఎక్రెమ్ పిలవలేదు. డబ్బా తెరిచి, మోచేతిని పక్కటెముకలకి నొక్కిపెట్టి, ఒక ఈగని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. దారం కొస దాని కంటి చుట్టూ తిరిగింది గాని లోపలికి పోలేదు. వేళ్ళు కొట్టుకున్నాయి, ఈగ జారి నీళ్ళలో పడి, రెక్కలు నిలబెట్టుకుని తేలుతూ పోయింది. రెండోది కూడా అలాగే పోయింది. మూడోదాన్ని పళ్ళతో పట్టుకుని చూశాడు, పెదవికి గుచ్చుకుంది. విడిపించుకోబోతే చెయ్యి ఎగిరి డబ్బాకి తగిలింది. డబ్బా తలకిందులైంది. వరసలు వరసలుగా ఉన్న ఈగలన్నీ నీళ్ళమీద పరుచుకుని, అసలు ఈగలతో కలిసిపోయి, ఏటివాలుకి కిందికి సాగాయి.

అవి హుస్నియా కాళ్ళ చుట్టూ తేలుతూ వచ్చాయి. అతను ఒకదాన్ని అరచేత్తో ఎత్తి కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. తన చేతి కట్టుడే. వెనక్కి తిరిగి చూశాడు. ఎక్రెమ్ చేతిలో ఖాళీ డబ్బా ఉంది. అతని చేతుల సంగతి హుస్నియాకి తెలియనిది కాదు. కాని ఆ మధ్యాహ్నం అన్ని మాటలు విన్నాక, ఆ క్షణాన అతనికది తట్టలేదు.

"విసిరేశావా," అన్నాడు. "ఈ కళ్ళతో కట్టానురా వాటిని. కళ్ళు పోతాయని డాక్టరు తిట్టినా కట్టాను."

నా చెయ్యి ఆగలేదురా అన్న మాట ఎక్రెమ్ గొంతుదాకా వచ్చింది. ఆ మాట అంటే హుస్నియా నీళ్ళలో అడుగులేసుకుంటూ వస్తాడు. జాలిపడతాడు. పెదవి మీది రక్తం తుడుస్తాడు. ఆ జాలిని తను పుచ్చుకోవాలి, లోయని అమ్మడానికి చెయ్యెత్తినవాడి దగ్గర పుచ్చుకోవాలి.

"విసిరేశాను," అన్నాడు ఎక్రెమ్. "అయితే ఏం?"

హుస్నియా అరచేతిలోని ఈగని కూడా నీళ్ళలోనే వదిలి, ఒడ్డెక్కాడు. జాఫెర్ వచ్చి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా కారు చప్పుడు తప్ప మాట లేదు.

శెఫికా పెదవి చూసి అడిగితే ఎక్రెమ్ ఆమె ఒక్కదానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె అప్పటికప్పుడు రుమాలు కట్టుకుని ఎదురింటికి బయల్దేరింది.

"ఏమయ్యా, ఒక్క మాట. చెయ్యి జారిందని ఒక్క మాట చెప్పొస్తాను. అంతేగా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వాడు చెయ్యెత్తింది నిజం. నేను కాగితం రాసింది నిజం. ఇదొక్కటి అబద్ధమైతే ఏం, నిజమైతే ఏం. కూర్చో."

ఆమె కూర్చుంది. ఆ తర్వాత చాలాసార్లు లేవబోయింది గాని, అతని మొహం చూసి మానుకుంది.

ఎక్రెమ్ ఈగల్ని ఏట్లో విసిరేశాడన్న మాట వారంలో ఊరంతా పాకింది. వాడి గుండె ఎప్పుడూ రాయే అని కాఫీ కొట్లో అనుకున్నారు. చేతులు పడిపోయినా పొగరు పడలేదన్నారు. అతను సంఘంలోంచి పేరు తీయించుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. మరుసటి వేసవికి లోయలో నీళ్ళు గొట్టాల్లోకి ఎక్కాయి. పైన రాళ్ళమీద పాచి ఎండి, గోడ సున్నంలా పెచ్చులూడింది. సంఘానికి కొత్త భవనం వచ్చింది. చేపపిల్లల తొట్లు మాత్రం రాలేదు. సెనాద్ తాగుడు మానేసి కరెంటు ఇంట్లో కుదురుకున్నాడు. ఆ సంగతి విని ఎక్రెమ్ మంచిదేనన్నాడు, అది మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఎదురెదురు గుమ్మాల్లోంచి ఇద్దరు ముసలివాళ్ళూ రోజూ బయటికి వచ్చేవారు. ఒకరు ఎడమకి తిరిగితే రెండోవారు కుడికి తిరిగేవారు. హుస్నియాకి ఒక కన్ను పూర్తిగా పోయింది. మూడో చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయాడు.

జనాజా అంతిమయాత్రకి ఎక్రెమ్ కోటు తొడుక్కుని వెళ్ళాడు. బొత్తాలు శెఫికా పెట్టింది. మగవాళ్ళందరూ వరసగా నిలబడి, శవపేటికని భుజం నుంచి భుజానికి మార్చుకుంటూ కొండమీది సమాధుల దాకా తీసుకెళ్తున్నారు. అతని వంతు వచ్చింది. ముందుకి జరిగి భుజం పెట్టాడు, పేటిక మోసే కొయ్యని చేత్తో పట్టుకున్నాడు. కొయ్య టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళు చూశారు. సెనాద్ వెనకనుంచి వచ్చి మెల్లగా అతని చేతిని విడిపించాడు.

"మీరొద్దులెండి, ఎక్రెమ్ బాబాయ్," అన్నాడు. "పడేస్తారు."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఎక్రెమ్‌కి తెలియలేదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. అందరూ ముందుకి పోయాక, వాళ్ళ వెనక మంచులో పడ్డ అడుగుల్లో అడుగులేసుకుంటూ నిదానంగా కొండ ఎక్కాడు. అతను పైకి చేరేసరికి మట్టి కప్పడం అయిపోయింది.