మంచులో పుత్తూరు కట్టు

మునిచంద్ర స్కీల మీద నడక నేర్చింది పటాలంలో చేరాకే. పుత్తూరులో పుట్టినవాడికి మంచు అంటే ఐసు బండివాడి పెట్టెలో ఉండేదే. లడాఖ్‌లో గస్తీ పోయేటప్పుడు ఆ పొడవాటి పలకలు బూట్లకు బిగించుకుని, రెండు చేతులా కర్రలు పొడుచుకుంటూ, ముందువాడు వేసిన గాడిలోనే జారుతూ పోవాలి. చెట్టు లేదు, పిట్ట లేదు. గడ్డకట్టిన ఏటి మీద పలకల రాపిడి తప్ప చప్పుడు లేదు. కాసేపటికి మనసు కూడా మొద్దుబారేది. నిజం చెప్పాలంటే అది అతనికి హాయిగానే ఉండేది.

పటాలం వదలగానే నాయన వరదయ్య పక్కన కూర్చోవాలి, ఆయన తరువాత ఆ పీట తనది కావాలి. అతనికున్న ఆశ అదొక్కటే. వరదయ్య ఆ పీట మీద కూర్చుని విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టేవాడు. కొడుకు సెలవుకొచ్చినప్పుడల్లా చెయ్యి పట్టి దెబ్బ తగిలిన చోట పెట్టించేవాడు.

"ఏలితో సూడరా. ఎముక సెప్తాది" అనేవాడు.

ఆ చలికాలం గస్తీలో వాలు దిగుతూ సుకుమార్ పడ్డాడు. శ్రీకాళహస్తి వాడు, ఆ గుంపులో మునిచంద్రతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్కడు. స్కీ పలక ఒకటి రాళ్ల సందులో ఇరుక్కుంది, మనిషి గిర్రున తిరిగిపోయాడు. మోకాలి కింద కాలు వంకరపోయింది. గాలి తగ్గేదాకా హెలికాప్టరు రాదని వైర్‌లెస్‌లో చెప్పారు. సామాన్లు లాగే జారుబండి మీద పడుకోబెట్టి మకాం దాకా లాక్కుపోవలసిందే. ఆ కాలుతో లాగితే ఎముక కొస చర్మం చీల్చుకుని వస్తుంది.

"మీ నాయన కట్టుకు గుడ్డు సొన పూస్తాడంట గదప్పా" అన్నాడు సుకుమార్ పళ్లు బిగబట్టి. "ఈడ గడ్డకట్టిన గుడ్డుతో కొడితే తల పగల్తాది."

"నోరు మూసుకోని పండుకో అబ్బా."

మునిచంద్ర చేతితొడుగులు విప్పాడు. వద్దని సుబేదారు హిందీలో అరిచాడు.

"ఒద్దు మునీ, ఏళ్లు పోతాయి" అన్నాడు సుకుమార్ కూడా.

కానీ తొడుగుల్లోంచి ఎముక ఎట్లా తెలుస్తుంది? ఇంకో దారి ఉంటుందని కూడా అతనికి తోచలేదు. ప్యాంటు కోసి వట్టి వేళ్లతో తడిమాడు. కొస దొరికింది. లాగి, సరిచేసి, ఇరువైపులా స్కీ కర్రలు ఆనించి కట్టాడు. అప్పటికి వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. నొప్పి లేదు. సుకుమార్‌ను పడుకోబెట్టిన జారుబండిని లాక్కుంటూ, తాడు తన చేతిలో ఉందో జారిపోయిందో మాటిమాటికీ చూసుకుంటూ మకాం చేరాడు.

సుకుమార్ కాలు నిలబడింది. మునిచంద్ర వేళ్లు కూడా మిగిలాయి, చూడడానికి మాత్రమే.

పటాలం వదిలి ఇల్లు చేరాక కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున సిద్ధమ్మ అనే ముసలావిడ మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చింది. వరదయ్య పక్కకు జరిగి కొడుక్కి చోటిచ్చాడు.

"సూడు" అన్నాడు.

మునిచంద్ర పట్టుకున్నాడు. వేళ్లకింద ఏమీ లేదు, ఆ తెల్లటి ఏటిమీద ఉన్నట్టే. ముసలామె మొహం చూస్తూ నొక్కుకుంటూ పోయాడు.

"అబ్బా! సంపుతుండాడే!" అని అరిచింది సిద్ధమ్మ. "ఏం వరదయ్యా, మీవోడు కట్టు కడ్తాడా, కారం నూర్తాడా?"

"ఈడ నాయనా" అన్నాడు మునిచంద్ర, ఆమె అరిచిన చోట వేలు పెట్టి.

చోటు సరిగ్గానే ఉంది. వరదయ్య మాత్రం మెచ్చుకోలేదు. కొడుకు చెయ్యి తీసుకుని ఒక్కో వేలికొసా గోటితో గిచ్చాడు, గట్టిగా. గిచ్చుతూ కొడుకు మొహమే చూశాడు. అందులో ఏ కదలికా లేదు.

"ఎప్పటినుంచిరా?"

"సుకుమార్ కాలు కట్టినప్పట్నుంచి."

"ఆ కాలు?"

"బాగుండాది నాయనా. నడస్తాండాడు."

వరదయ్య చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తరువాత వదిలి, "లెయ్యి" అన్నాడు.

మునిచంద్ర పీట మీంచి లేచాడు. బాధపడాలి కాబోలు అనుకున్నాడు. అది కూడా తెలియలేదు. బయటికి పోయి, అరుగు మీద కాచుకున్నవాళ్లను చూసి, తరువాతి వంతు ఎవరిదని అడిగాడు.